రొయ్యల డబ్బుతో పాత పోర్షే కొనచ్చా? ఉండి నుంచి ఒక తమ్ముడి ఉత్తరం

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లెటూరి నుంచి ఒకాయన రాశారు, పేరు వద్దన్నారు. వయసు 36. బీటెక్ చేసి హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి, అది పడక ఇంటికొచ్చేసి వనామీ రొయ్యలు వేస్తున్నారు. సొంతం పది ఎకరాలు, కౌలుకి ఇంకో పన్నెండు. ఇంట్లో అమ్మా నాన్నా, భార్య, ఆరేళ్ళ పాప, వాకిట్లో ఒక ఇన్నోవా. 2025 ఆగస్టులో అమెరికా వాడు సుంకం 50 శాతం చేసినప్పుడు కౌంట్ రేటు (సైజుని బట్టి కిలో రొయ్యలకిచ్చే ధర) పడిపోయి ఒక పంట నష్టానికే పట్టారట, కానీ తర్వాత రెండు పట్టుబళ్ళూ బాగా వచ్చాయి, మేత కొట్టు బాకీ, సీడు (రొయ్య పిల్లల) బాకీ అన్నీ తీరిపోగా చేతిలో 75 లక్షలున్నాయి.

ఇంజనీరింగ్‌లో హాస్టల్ గోడ మీద పోర్షే పోస్టర్ అంటించుకున్న మనిషి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న బావమరిది ఒక బండి చూశాడు, 2018 మోడల్ పోర్షే 718 కేమన్, ఎరుపు రంగు, 31 వేల కిలోమీటర్లు, సెకండ్ ఓనర్, తెలంగాణ రిజిస్ట్రేషన్. డీలర్ 68 లక్షలు చెప్పాడు. "ఇది తగ్గే బండి కాదు సార్, ఇన్వెస్ట్‌మెంట్" అన్నాడు, సగం బ్యాంకులో వేసి సగం చేతికి ఇమ్మన్నాడు, వారంలో 5 లక్షలు అడ్వాన్స్ పడకపోతే బెంగళూరు పార్టీకి పోతుందన్నాడు. ఈయన వెళ్ళి పది నిమిషాలు సీట్లో కూర్చుని వచ్చారు, నడపలేదు. నాన్నగారేమో "ఆ డబ్బుకి ఎకరం చేనొస్తది, రెండు సీట్ల బండిలో పిల్లని డిక్కీలో కూర్చోబెడతావా" అని మూడు రోజులు మాట్లాడలేదు. భార్య "మీ ఇష్టం" అందట, ఆ మాటకే ఈయనకి ఎక్కువ భయమేసింది. "అన్నా, మీరు పాత కార్ల వ్యాపారం చేసినోరు, రేటు ఎంత పడిపోద్ది, ఇదే కొననా, ఇంకోటి చూడనా, అసలు నాది పిచ్చా" అని అడిగారు.

*

తమ్ముడూ, పిచ్చి అనను. రాజమండ్రిలో ఇరవై ఏళ్ళు పాత కార్లు అమ్మినోణ్ణి, పిచ్చి లేనోడు ఎవడూ నా కొట్టుకి రాలేదు, అందరూ ఆల్టోకి వచ్చి హోండా సిటీ వంక చూసేవోళ్ళే. మీకు పదిహేనేళ్ళ కోరిక, అది కూడా పంట చేతికొచ్చి బాకీలన్నీ తీరాక అడుగుతున్నారు. అప్పు చేసి కొంటాననుంటే నా సమాధానం రెండు లైన్లలో అయిపోయేది.

ముందు ఆ డీలర్ గారి "ఇన్వెస్ట్‌మెంట్" సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ మాట మూడు చోట్ల ఉంది, అంటే అది మీ మనసులో కూర్చుంది. కొన్ని పోర్షేలకి రేటు నిలబడేది, పెరిగేది నిజమే, కానీ అవి వేరే జాతి, తక్కువ తయారైనవి, జీటీ అని పేరున్నవి, కొన్ని మాన్యువల్ గేర్‌వి. మీరు చూసిన మామూలు 718 కేమన్ 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. 300 హార్స్‌పవర్, నడపడానికి బంగారం లాంటి బండి, ఇంజను సరిగ్గా మీ వీపు వెనకాల ఉంటుంది కాబట్టి మలుపులో అది తిరిగే తీరు ఇంకే బండికీ రాదు. కానీ ముందు తరం కేమన్‌కి ఆరు సిలిండర్లుండేవి, ఆ మోత పోయిందని పోర్షే అభిమానులే దీన్ని కొంచెం చిన్నచూపు చూస్తారు. తర్వాత వచ్చిన జీటీఎస్ 4.0కి మళ్ళీ ఆరు సిలిండర్లు పెట్టారు, దాని రేటు గట్టిగా నిలబడుతుంది, అది మీ బడ్జెట్‌లో లేదు. పెట్రోల్ 718లు తయారు చెయ్యడం 2025 అక్టోబర్‌తో ఆపేశారు, "ఇక రావు సార్" అని డీలర్ చెప్పేది అందుకే, కాకపోతే రానివన్నీ విలువైనవే అయితే మా చుట్టం పెరట్లో అంబాసిడర్ ఈపాటికి కోటి పలకాలి.

మరి 80 లక్షల పైచిలుకు ఎక్స్‌షోరూమ్ రేటుతో వచ్చిన బండి ఇన్నేళ్ళ తర్వాత కూడా 68 ఎలా చెప్తున్నాడంటారా? అదే వయసున్న లగ్జరీ సెడాన్ అయితే ఈపాటికి మూడో వంతుకి వచ్చేసి ఉండేది. సంగతేంటంటే ఈ కార్లు పూర్తిగా బయట తయారై ఓడలో వస్తాయి, వాటి మీద కస్టమ్స్ సుంకమే వంద శాతం పైన, దాని మీద మళ్ళీ జీఎస్టీ, రూపాయి పడిపోయిన కొద్దీ ఇంకా. అలా కొత్త 718 రేటు కోటీ పాతిక లక్షలు దాటిపోయింది. కొత్తది అందనంత ఎత్తుకి పోయేసరికి పాతది కూడా పైకి లేచింది. అంటే మీ ఎర్ర కేమన్‌ని నిలబెడుతున్నది దాని గొప్పతనం ఒక్కటే కాదు, కొత్త బండి మీద ఉన్న పన్ను. పందిరికి ఆ పన్నే గుంజ.

ఇప్పుడు ఆ గుంజని కదుపుతున్నారు. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలైన ఒప్పందంలో అక్కడి కార్ల మీద సుంకం ఒక కోటా వరకూ మెల్లగా 10 శాతానికి దింపుతామన్నారు, 2026 జనవరిలో యూరప్‌తో కూడా అలాంటి ఒప్పందమే ఖాయమైందని ప్రకటించారు. పోర్షే జర్మనీది కదా. ఇదంతా రేపు పొద్దున్నే అమలైపోదు, ఏళ్ళు పడుతుంది, కోటాలుంటాయి, కంపెనీ తగ్గిన సుంకం మొత్తం మనకిస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. కానీ మీరు నాలుగేళ్ళ తర్వాత అమ్ముదామని బయల్దేరేసరికి పక్కన కొత్త స్పోర్ట్స్ కార్లు ఇప్పటికన్నా ఓ పాతిక లక్షలు తక్కువకి నిలబడి ఉంటే మీ పన్నెండేళ్ళ బండిని ఎవరడుగుతారు, ఎంతకడుగుతారు? రొయ్యకి అమెరికాలో సుంకం పెరిగితే మీ రేటు ఎలా పడిందో చూశారు, ఇక్కడ సుంకం తగ్గితే మీ కారు రేటు అలా పడుద్ది. సుంకం దెబ్బ రెండు వైపులా తిన్న మనిషి అవుతారు.

అందుకని నా లెక్క వేరే. పడిపోయే రేటుని నష్టం అనుకోకండి, కౌలు అనుకోండి. పన్నెండెకరాలు కౌలుకి తీసుకున్నారు కదా, ఆ డబ్బు తిరిగొస్తుందని ఎవరూ అనుకోరు, ఆ ఏడాది చెరువు వాడుకున్నందుకు కట్టారంతే. కారుకి కూడా ఏడాదికి ఎంత కౌలు కడుతున్నానో తెలిస్తే, ఆ పంట ఆ కౌలుకి తగినదా కాదా మీకే అర్థమవుతుంది. వేసి చూద్దాం, ఇవి నా అంచనాలే, మీరు మీ అంకెలు పెట్టుకోండి. 68కి కొన్నారు, నాలుగేళ్ళకి 48కి అమ్మారు, ఏడాదికి 5 లక్షలు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, చిన్నాచితకా కలిపి ఏడాదికి 3 లక్షలు అనుకోండి. ఆ 68 లక్షలు బ్యాంకులో 7 శాతానికి పడుంటే ఏడాదికి 4 లక్షల 76 వేలు వచ్చేది, అది కూడా పోయినట్టే. మొత్తం 12 లక్షల 76 వేలు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు నడిపారనుకుంటే కిలోమీటరుకి 425 రూపాయలు, పెట్రోల్ కాకుండా. ఉండి నుంచి భీమవరం టిఫిన్‌కి వెళ్ళొస్తే ఇడ్లీ ఎంత పడ్డట్టో లెక్కేసుకోండి.

ఈ అంకె చూసి మీకు "పోన్లే, నాకది తగును" అనిపిస్తే అది తప్పు కాదు. మనూళ్ళల్లో సంక్రాంతి మూడు రోజుల్లో బరి దగ్గర అంతకంత పోగొట్టుకుని నాలుగో రోజు మీసం దువ్వుకునేవోళ్ళున్నారు, మీది ఏడాదంతా వాడుకునే వస్తువు. గుండె గతుక్కుమంటే మాత్రం ఆ గతుకు మాట వినండి.

ఇంకో మాట, ఇది కారు గురించి కాదు. 75లో 68 తీస్తే 7 మిగుల్తాయి. ఇరవై రెండెకరాల వనామీకి 7 లక్షలు ఏ మూలకి? వైట్ స్పాట్ తెగులు వచ్చి అరవయ్యో రోజున చెరువు ఖాళీ చెయ్యాల్సొస్తే మళ్ళీ సీడుకి, మేతకి, ఏరియేటర్ల కరెంటుకి ఎవరి దగ్గరికి వెళ్తారు? మళ్ళీ మేత కొట్టు దగ్గరికే, వాడు చెప్పిన రేటుకి మేత తీసుకుని వాడు చెప్పినోడికే సరుకు పొయ్యాలి. అప్పుడు అర్జెంటుగా కారు అమ్మాలంటే, తొందరలో ఉన్నోడి స్పోర్ట్స్ కారుకి మార్కెట్లో ఎంత మర్యాద ఉంటుందో నేను చూశాను, కొనేవోడు టీ తాగుతూ తీరుబడిగా పది లక్షలు కోస్తాడు. మీ నాన్నగారు చేను కొనమన్నది కూడా భూమి మీద ప్రేమతోనే కాదేమో, గోదారికి వరదొచ్చినా తుఫానొచ్చినా చేను అక్కడే ఉంటుందని. కానీ చేను కూడా అర్జెంటుకి అమ్ముడుపోదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. నన్నడిగితే ఒక పంట పోయినా మళ్ళీ సీడు వెయ్యడానికి కావాల్సినంత డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టి, మిగిలిందే కారు బడ్జెట్ అనుకోవాలి. అప్పుడది 68 కాదు, బహుశా 45కో 50కో వస్తుంది.

సరే, ఈ కేమనే కొంటాను అనుకుందాం, అప్పుడు ఏం చూడాలి. అడ్వాన్స్ ఇవ్వడానికి ముందు. "బెంగళూరు పార్టీ" అని ఒకాయన ప్రతి డీలర్ దగ్గరా ఉంటాడు, నేనూ వాడుకున్నాను ఆయన్ని, నా కొట్లో ఆయన వైజాగ్ పార్టీ.

సగం నగదు మాట దగ్గరే ఆగండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, తీసుకున్నోడికి అంతే పెనాల్టీ. అది ఆయన తలనొప్పి అనుకోకండి, మీ చేతికి 34 లక్షల బిల్లే వస్తుంది, రేపు బండికేమన్నా అయినా, గొడవై కోర్టుకెళ్ళినా, మీరు అమ్మబోయినా మీ కాగితం మీద ఉన్నది అంతే. మొత్తం బ్యాంకులో, మొత్తానికి బిల్లు, కుదరదంటే నమస్కారం. డీలర్ అయితే తన లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టుకోవాలి, అది ఎలాగూ మీ రేట్లోనే కలుస్తుంది. అదే ఓనర్ దగ్గర నేరుగా కొంటే ఆ గొడవ లేదు, అందుకే ఓనరెవరో కనుక్కుని ఒక్కసారి మాట్లాడగలిగితే బేరం సంగతి పక్కన పెట్టండి, బండి సంగతులు తెలుస్తాయి.

తెలంగాణ బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న ఎన్‌వోసీ తీసుకోవాలి, ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించి ఏపీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరిచ్చిన 68 మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద లెక్కేసి వయసుని బట్టి తగ్గిస్తారు, లక్షల్లోనే ఉంటుంది, నా కౌలు లెక్కలో అది కలపలేదు. డీలర్ "తర్వాత చూసుకుందాం" అన్నాడని రాశారు, చూసుకోవాల్సింది మీరే కాబట్టి ఆయనకి తొందర లేదు. ఆర్సీ కాపీ పట్టుకుని భీమవరం ఆర్టీవో ఆఫీసులో ముందే లెక్క అడగండి. "బావమరిది పేరు మీద హైదరాబాద్‌లోనే ఉంచేద్దాం" అన్న ఆలోచన మీకు వచ్చుంటుంది, అందరికీ వస్తుంది. వద్దు, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి తిప్పితే ఇక్కడి నంబర్ వేయించాల్సిందే, పైగా 68 లక్షల వస్తువు వేరేవోళ్ళ పేరున ఉంటే పండగ పూట భోజనాల దగ్గర మాటలు మారిపోతాయి. లోన్ ఉండి తీరిపోయిందంటే ఫారం 35, బ్యాంకు కాగితం రెండూ చూడాలి, ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు గుర్తు) పోయిందా లేదా చూడాలి, చలాన్లు చూడాలి.

బండి సంగతికొస్తే, రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే మీ ముందు స్టార్ట్ చెయ్యమనండి, మీరెళ్ళేసరికి వెనకాల సైలెన్సర్ గొట్టం వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యండి. కంపెనీ సర్వీసు హిస్టరీ ప్రింటు అడగండి, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు, బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. ఆ తర్వాత పోర్షే కంప్యూటర్ పెట్టించి ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో తీయించండి, ఇది చాలామందికి తెలియదు, మీటర్ తిప్పినోడు గంటల్ని మర్చిపోతాడు. 31 వేల కిలోమీటర్లకి వెయ్యి గంటలుంటే సగటున గంటకి 31 కిలోమీటర్లు, బానే ఉంది. అదే 2,500 గంటలు చూపిస్తే సగటు 12, హైదరాబాద్ ట్రాఫిక్కి కూడా అది నమ్మబుల్ కాదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, 2018వే ఇంకా ఉంటే నాలుగు టైర్ల డబ్బు బేరంలో తీసెయ్యండి, అరుగు బాగున్నా సరే రబ్బరు గట్టిపడిపోయుంటుంది.

అన్నిటికన్నా నాకు భయం నీళ్ళు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మన బెజవాడ. ఆ కార్లన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నారు? తుడిచి, సెంటు కొట్టి, రెండు జిల్లాలు దాటించారు. నేనే మోసపోయాను ఒకసారి, నా ఇరవై ఏళ్ళ సర్వీసులో, ఒక పాత జర్మన్ సెడాన్, పక్క రాష్ట్రం డీలర్ దగ్గర, బయటికి అద్దంలా ఉంది. ఇంటికొచ్చాక వారానికో లైటు వెలిగేది, ఓసారి వైపర్ వేస్తే హారన్ మోగింది, మా ఆవిడ దానికి దెయ్యం బండి అని పేరు పెట్టింది. చివరికి కార్పెట్ లేపితే కింద ఒండ్రు. మీరు సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఎవరూ అంతదాకా కడగరు. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద తేమ చూడండి, ఇంజను వెనకాల కాబట్టి ఈ బండికి ముందు కూడా డిక్కీ ఉంటుంది, దాని కింద చెయ్యి పెట్టి తడమండి. చెరువుల మధ్య పెరిగిన మనిషి మీరు, బురద వాసన మీ ముక్కుకి తెలియదా.

పోర్షే వాళ్ళదే అప్రూవ్డ్ అని ఒక స్కీమ్ ఉంది, 111 అంశాలు చూసి వారంటీ ఇచ్చి అమ్ముతారు. రేటు ఎక్కువే. కానీ మన దగ్గర్నుంచి హైదరాబాద్ నాలుగొందల కిలోమీటర్లు, డాష్‌బోర్డులో ఒక లైటు వెలిగితే ఉండిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేరు, ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించడమే. బండి కన్నా ముందు దాన్ని ఎవరు బాగుచేస్తారో, ఎక్కడ చేస్తారో ఖాయం చేసుకోండి.

తర్వాత మన రోడ్లు. ఈ బండి నేలకి 13 సెంటీమీటర్లకి అటూఇటూ ఉంటుంది. మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకొచ్చే కాలవ గట్టు దారి, ఆ తూము మీద వంతెన, పంచాయతీ వాళ్ళు వేసిన స్పీడ్ బ్రేకర్లు, ఒక టేపు పట్టుకుని వెళ్ళి కొలవండి నిజంగా. నల్లరేగడి మీద వేసిన రోడ్డు ఏడాది తిరక్కుండా అలలు పడుతుంది, దాని మీద రొయ్యల లారీలు ఉప్పునీళ్ళు కార్చుకుంటూ పోతుంటాయి, ఆ నీళ్ళు కింద పడితే ఇన్నోవాకే తుప్పు, దీనికి వారం వారం అడుగు కడగాల్సిందే. వానాకాలం ముణిగిన రోడ్డులో దింపితే ఇంజనులోకి నీళ్ళు పోయి బిగుసుకుపోద్ది, మామూలు ఇన్సూరెన్సు దానికి పైసా ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. బండి ఐదేళ్ళు దాటింది కాబట్టి జీరో డిప్రిసియేషన్ (అరుగుదల కోయని పాలసీ) ఇస్తారో లేదో కూడా ముందే అడగాలి, లేకపోతే క్లెయిములో బంపర్ లాంటి ప్లాస్టిక్ సామాన్లకి సగం మీరే కట్టుకోవాలి, ఈ బండి బంపర్‌లో సగమంటే ఓ స్కూటర్ రేటు. ఐడీవీ అనేది ఇన్సూరెన్సు వాళ్ళు కాగితం మీద బండికి కట్టే విలువ, రెండేళ్ళు నిండేసరికి 20 శాతం, ఐదో ఏట 50 శాతం తగ్గిస్తారు, ఐదేళ్ళు దాటాక మీరూ వాళ్ళూ మాట్లాడుకుని ఖాయం చేసుకోవాల్సిందే, అక్కడ గట్టిగా మాట్లాడండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఇంకా ఎలుకలు. కోతలయ్యాక చేలో ఎలుకలన్నీ ఇళ్ళల్లోకొస్తాయి, వారానికోసారి తీసే కారు వైరింగు వాటికి పెళ్ళి భోజనం. షెడ్డు మూసేలా కట్టుకోవాలి, బ్యాటరీకి చిన్న చార్జర్ పెట్టి ఉంచాలి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్, ఈ పాత ఇంపోర్టెడ్ బండ్లు అంత లెక్కలో చేసినవి కావు, నిండా పోయించి నెలలు నిలబెట్టకండి, కొంచెం కొంచెంగా పోయిస్తూ నడుపుతూ ఉండండి.

ఇన్ని చెప్పాక "మరి ఇంకేం కొనాలి" అంటారు. మీ ఉత్తరంలో నాలుగు పేర్లు రాశారు. జాగ్వార్ ఎఫ్ టైప్ అందంలో అన్నిటికన్నా పైన, రేటు కూడా బాగా పడిపోయి దొరుకుతుంది, అందుకే ఊరిస్తుంది. 2024లో తయారీ ఆపేశారు, జాగ్వార్ మొత్తం ఎలక్ట్రిక్ వైపు పోతోంది, వీ6, వీ8 ఇంజన్లలో ప్లాస్టిక్ కూలెంట్ పైపులు పగలడం తెలిసిన జబ్బు, సామాను కోసం ఎదురుచూపులు. మీ ఊరికి వద్దంటాను. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో 65 లక్షలకి మొదలైంది, 5 లీటర్ల వీ8, ఆ గుడగుడ వింటే చెరువు గట్టు మీద కొంగలు లేస్తాయి, వెనక పాప కూర్చోగలదు కూడా, కానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ దుకాణం కట్టేస్తున్నామంది, సామాను సంగతి మళ్ళీ అదే పాట. బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ మంచిదే, టాప్ తీసుకుని తిరగచ్చు, గోదారి జిల్లా ఎండలో, దోమల్లో ఎన్ని రోజులు తీస్తారో మీరే చెప్పండి, అదీ రెండు సీట్లే. పోర్షే 911 పాతది, ఆరు సిలిండర్లు, వెనకాల రెండు బుల్లి సీట్లుంటాయి, పెద్దోళ్ళు పట్టరు గానీ మీ పాపకి ఇంకో నాలుగైదేళ్ళు సరిపోతాయి. రేటు నిలబడ్డంలో దీన్ని మించింది లేదు. మీ డబ్బుకి దొరికేది మాత్రం పదేళ్ళు దాటిందే అవుతుంది, దాని ఒక్క పెద్ద రిపేరు మీ ఎకరం కౌలుని మింగేస్తుంది.

మీరు రాయని పేరొకటి నేను రాస్తాను, బీఎండబ్ల్యూ ఎం340ఐ. 2021లో 62 లక్షల 90 వేలకి వచ్చింది, చెన్నైలో బిగించింది కాబట్టి సుంకం గుంజ మీద అంతగా ఆధారపడలేదు, సామాను దొరుకుద్ది. చూడ్డానికి పెళ్ళికెళ్ళే సెడాన్, లోపల ఆ జెడ్4 లోని 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనే, 387 హార్స్‌పవర్, నాలుగున్నర సెకన్లలోపే వంద దాటుతుంది, అంటే మీ ఎర్ర కేమన్‌ని సిగ్నల్ దగ్గర వదిలేసి వెళ్ళిపోద్ది. నాలుగు డోర్లు, సర్వీసు విజయవాడలోనే, వంద కిలోమీటర్ల పైచిలుకు. పాతది ఇప్పుడు మీ 45, 50 బడ్జెట్‌లో పడుతుంది, సెడాన్ కాబట్టి శాతంలో దీని రేటు కేమన్ కన్నా ఎక్కువ పడచ్చు, అది దాచను, కానీ పెట్టింది తక్కువ కాబట్టి పోయే రూపాయలూ ఇంచుమించు అంతే, పైగా ఏడాదికి మూడు వేలు కాదు పన్నెండు వేల కిలోమీటర్లు తిప్పగలరు. కౌలు అంతే, పంట నాలుగింతలు. లోటు ఒక్కటే, అది పోస్టర్ మీద బొమ్మ కాదు. ఆ లోటు ఎంత పెద్దదో నేను చెప్పలేను, హాస్టల్ గోడ మీది.

అది తెలుసుకోడానికి దారుంది. పది నిమిషాలు సీట్లో కూర్చుని 68 లక్షలు ఇవ్వకండి. హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్‌కి ఇలాంటి బండ్లు దొరుకుతాయి, ఒక రోజుకి తీసుకోండి, కేమనే దొరక్కపోతే ఇంకో పోర్షే. పొద్దున్నే ఐదింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఎవరూ చూడనప్పుడు, ఫోటో తియ్యకుండా నడపండి. దిగాక ఇంకా నడపాలనిపిస్తే మీకు కావాల్సింది కారు. ఎవరికన్నా చూపించాలనిపిస్తే మీకు కావాల్సింది భీమవరం జనం చూపు, అది ఎం340ఐతో అవ్వదు, కేమన్‌తో ఒక సంక్రాంతి అవుద్ది, రెండో సంక్రాంతికి పక్కూరాయన ఇంకేదో తెస్తాడు. ఇందులో ఏదీ నేరం కాదు, కాకపోతే రెండోదానికి ఇంత కౌలు కట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఆగడం కూడా ఒక దారే. ఇంకో రెండు పట్టుబళ్ళు చూసి, ఆ సుంకాల సంగతి ఏమవుతుందో చూసి కొంటే, పోయేది మహా అయితే ఈ ఒక్క ఎర్ర బండి. వడ్డీ మీ దగ్గరే ఉంటుంది. కాకపోతే మనిషికి ముప్పై ఆరు ఒకసారే వస్తుంది, అదీ లెక్కలో వేసుకోండి.

మీ ఆవిడ "మీ ఇష్టం" అన్నారు కదా, ఆ కిలోమీటరుకి 425 లెక్క కాగితం మీద రాసి ఆవిడకి చూపించండి, పంట పెట్టుబడికి పక్కన ఎంత పెడుతున్నారో కూడా రాయండి. అప్పుడు అసలు మాట వస్తుంది, అది ఏదైనా ఈ మౌనం కన్నా నయం. నాన్నగారికి మాత్రం డిప్రిసియేషన్ గురించి చెప్పకండి, ఆయన ఎద్దుల బేరం చేసిన మనిషి అయ్యుంటారు, పళ్ళు చూసి వయసు చెప్పే రోజుల నుంచే తెలుసు. బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులన్నారు కదా, కేమన్ సీటు బాగా కిందకి ఉంటుంది, డోరు పూర్తిగా తెరిచి, ముందు వెనక్కి తిరిగి కూర్చోమని, తర్వాత రెండు కాళ్ళూ ఒకేసారి లోపలికి తిప్పుకోమనండి. దిగేటప్పుడు మీరు అవతల వైపు నుంచి తిరిగొచ్చి చెయ్యివ్వండి.